ఇంజన్ మీది డొప్ప

రాంప్రసాద్ గాజుగుడ్డను, అంటే ఫైబర్‌గ్లాసు గుడ్డను, పోగు వెంబడి తిన్నగా కోశాడు. తంటా అంతా అక్కడే వచ్చింది. థర్మోకోల్‌తో చెక్కిన అచ్చు మీద ఆ గుడ్డ పరిచి, బ్రష్షుతో రెజిన్ జిగురు పూస్తే పక్కల్లో బుద్ధిగా అతుక్కుంది గానీ, ముందు గుండ్రంగా తిరిగే చోట మాత్రం మొండికేసింది. ఒక ముడత నొక్కితే పక్కన ఇంకోటి లేచింది. దాన్ని నొక్కితే మొదటిది మళ్లీ లేచింది. ఈ దాగుడుమూతల్లో ఉండగానే రెజిన్ కాస్తా బిగుసుకుపోయింది. ఇప్పుడు ముందుభాగమంతా ముడతలు ముడతలుగా గట్టిపడి కూర్చుంది.

అతను చేస్తున్నది బొమ్మ విమానానికి ఇంజన్ కౌల్. అంటే ముక్కు దగ్గర ఇంజన్ కనబడకుండా తొడిగే డొప్ప. బొమ్మ అన్నమాటే గానీ, రెక్కలు బిగిస్తే మంచమంత ఉంటుంది, పెట్రోలుతో నడుస్తుంది. విమానం రాంప్రసాద్‌ది కాదు, త్రివిక్రమరావుది. హజీరాలో రాంప్రసాద్ సూపర్‌వైజరుగా ఉన్న ప్లాంటుకి ఆయన మెయింటెనెన్స్ మేనేజరు. ఆదివారం కంపెనీ కాలనీ వార్షికోత్సవం. ఆ సాయంత్రం గ్రౌండులో అందరి ముందూ ఈ విమానం ఎగరాలి.

"విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు కదా. ఊరికే ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందయ్యా, ఈ పని చూడు," అంటూ ఆయనే విమానాన్ని క్వార్టరుకి పంపించాడు. ఇప్పుడు ఆఫీసుకి వెళుతూ దారిలో ఆగి, అచ్చు మీద ముడతలు చూసి పకపకా నవ్వాడు.

"తిన్నగా కోశావేంటయ్యా ప్రసాద్! మగ్గాల ఇంటి బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. ఏటవాలుగా కోస్తే పోగులు జరుగుతాయి. అప్పుడు ఎటు లాగితే అటు ఒదుగుతుంది గుడ్డ."

రాంప్రసాద్‌కి ఆ సంగతి తెలియక కాదు. ఆయనే రెండుసార్లు చెప్పి ఉన్నాడు. తెలిసినా చెయ్యి మాట వినలేదు. తెలుగు నేతపనివాళ్లు వలస వచ్చి స్థిరపడ్డ భేస్తాన్‌లో, మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన చెయ్యి అది. మగ్గం మీంచి దిగిన గుడ్డను ఎవడైనా ఏటవాలుగా కోశాడంటే అది చిందీపేలికల మూటలోకి పోయినట్టే. తండ్రి నర్సింగం తువ్వాలు వంకరగా మడిచినా ఊరుకునేవాడు కాదు.

"మళ్లీ చేస్తాను సార్," అన్నాడు.

"చెయ్. తొందరేం లేదు, శనివారానికి అయితే చాలు." త్రివిక్రమరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నవ్వు తగ్గించి, గొంతు కూడా తగ్గించాడు. "శనివారమే హెడ్డాఫీసు నుంచి విచారణకి వస్తున్నారు. నువ్వేం కంగారు పడకు. మనిద్దరం కంట్రోల్ రూములో ఉన్నాం. గోపాల్ ఎవర్నీ అడక్కుండా తనంతట తనే నిచ్చెన ఎక్కేశాడు. అంతే కదా?"

రాంప్రసాద్ గట్టిపడిన ముడతను గోటితో గీకుతున్నాడు.

వాళ్లిద్దరూ కంట్రోల్ రూములో లేరు. నిచ్చెన కిందే ఉన్నారు. పైన పైపు జాయింటు విప్పాలి. ఆ పైపులో మరుగునీళ్లు ఖాళీ అయ్యాయో లేదో కనుక్కునే ఓపిక ఆ పూట ఎవరికీ లేకపోయింది. "ఖాళీ అయ్యే ఉంటుంది, విప్పమను," అన్నాడు త్రివిక్రమరావు. గోపాల్ కాంట్రాక్టు ఫిట్టరు. భేస్తాన్ కుర్రాడు, రాంప్రసాద్ మాట మీద పనిలో చేరినవాడు. భేస్తాన్ నుంచి వచ్చేవాళ్లకి ఒక అలవాటుంది. ఎంత పెద్ద సాహెబు చెప్పనీ, ముందు తమవాడి మొహం చూస్తారు. తమవాడు ఊఁ అంటేనే పని మీద చెయ్యి వేస్తారు. గోపాల్ కూడా అలాగే రాంప్రసాద్ మొహం చూశాడు. రాంప్రసాద్ తల ఊపాడు. గోపాల్ నిచ్చెన ఎక్కాడు. జాయింటు వదులవగానే మరుగునీళ్లు అతని రెండు చేతుల మీదా పడ్డాయి.

ఆ రోజు నుంచి రాంప్రసాద్‌కి ఏమీ అనిపించడం లేదు. ఏడుపు రాలేదు, భయం వేయలేదు. వేళకి తింటున్నాడు, పడుకుంటే నిద్ర కూడా పడుతోంది. ఇలా ఎలా ఉన్నానా అని ఆశ్చర్యపోదామన్నా ఆ ఆశ్చర్యం కూడా రావడం లేదు.

"చెడ్డవాణ్ణా నేను?" అన్నాడు త్రివిక్రమరావు లేస్తూ. "గోపాల్ మందులూ మాకులూ అన్నీ కంపెనీ చూసుకునేట్టు చేశాను. ఇప్పుడు నువ్వూ నేనూ ఇరుక్కుంటే వాడికి ఒరిగేదేముంది చెప్పు?"

చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే ఉంది. కాంట్రాక్టులో నలుగుతున్న రాంప్రసాద్‌ని పర్మనెంటు చేయించింది ఆయనే. ఆదివారాలు గ్రౌండుకి తీసుకెళ్లి, రిమోటు చేతిలో పెట్టి, విమానం ఎగరేయడం నేర్పింది ఆయనే. కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో తెల్లవార్లూ కూర్చున్నది కూడా ఆయనే. అలాంటి మనిషి ఒక మాట అడిగాడు.

రెండోసారి గుడ్డను ఏటవాలుగానే కోశాడు. కత్తెర పోగులకి అడ్డంగా నడుస్తుంటే పళ్లు జివ్వుమన్నట్టయింది. ముడతలు పడిన భాగాన్ని గీకి చదును చేసి, దాని మీద కొత్త గుడ్డ పరిచి, మధ్య నుంచి అంచులకి వేళ్లతో మెల్లగా నెట్టాడు. ఈసారి గుడ్డ మాట వింది. గుండ్రానికి గుండ్రంగా, లోతుకి లోతుగా ఒదిగింది. రెజిన్ పూసి, అది పీల్చుకుని గుడ్డ తెలుపు పోయి గాజులా అయ్యేదాకా చూసి, మీద మరో పొర వేశాడు.

అది ఆరాక లోపలి థర్మోకోల్ తవ్వి తీయాలి. చెంచాతో, పాత కత్తితో తవ్వుతుంటే తెల్లటి పూసలు గదంతా ఎగిరి, ఫ్యాను గాలికి గోడలకి అంటుకున్నాయి. భార్య హారతి చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆమె అప్పుడే దవాఖాన నుంచి వచ్చింది. రోజూ పొద్దున గోపాల్‌కి టిఫిన్ డబ్బా తీసుకెళ్లి, బస్సు పట్టుకుని తిరిగి వస్తోంది.

"రెండు చేతులకు కట్లే," అంది. "వాళ్లమ్మ తినిపిస్తుంది. ప్రసాదన్న ఎప్పుడొస్తడు వదినా అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"పని మీదున్నడు అన్న. ఏం పని అంటే ఏం చెప్పాలె? గీ బొమ్మకు మూతి చేస్తుండు అని చెప్పాలెనా?"

రాంప్రసాద్ చెంచాతో తవ్వుతూనే ఉన్నాడు. ఆమె కాసేపు చూసి, కోపంతోనే గది ఊడ్చి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. తిడితే ఏమైనా అనిపిస్తుందేమో చూసుకునేవాడు.

తర్వాత నున్నగా చేసే పని పట్టుకున్నాడు. నీళ్ల బకెట్ పక్కన పెట్టుకుని, గరుకు కాగితం తడుపుకుంటూ రుద్దడం. కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరితే కళ్లకి కనబడని ఎత్తుపల్లాలు తెలుస్తాయి. అక్కడ పుట్టీ పూసి, ఆరాక మళ్లీ రుద్దాలి. మర్నాడంతా అదే సరిపోయింది. మధ్యాహ్నం చాయ్ తెచ్చిన హారతి బకెట్టులోకి చూసి, గ్లాసు కింద పెట్టేసి అతని చెయ్యి పట్టుకుంది. తెల్లటి నీళ్లలో గులాబీ రంగు తిరుగుతోంది. వేళ్ల చివర తోలు లేచిపోయింది.

"నొస్తలేదా?"

"లేదు."

ఆమెకి నమ్మకం కలగలేదు. అతను చెప్పింది మాత్రం నిజమే. పసుపు పెట్టి గుడ్డపేలిక కట్టింది. కడుతున్నంత సేపూ ఏదో అడగాలని ఆమె పెదవులు కదిలాయి. అడగలేదు. ఏం చెబుతాడో తెలిసిపోయినట్టు, తెలియనట్టే ఉంటే నయమన్నట్టు లేచి వెళ్లింది.

గురువారం రంధ్రాలు కోశాడు. ముందు గాలి లోపలికి రావడానికి రెండు కన్నాలు, పక్కన పొగగొట్టానికి ఒకటి, కింద వేడిగాలి బయటికి పోవడానికి ఒకటి. కిందిది మిగతావాటికంటే పెద్దగా కోశాడు. వచ్చిన గాలి ఇంజన్ మీదుగా వేడెక్కి ఉబ్బుతుంది, పోయే దారి విశాలంగా లేకపోతే లోపలే కుక్కుకుపోయి ఇంజన్ పట్టేస్తుంది. గాలి సంగతి, వేడి సంగతి అన్నీ తెలిసినవాడే రాంప్రసాద్. తెలిసే తల ఊపాడు.

డొప్ప తయారైంది. ఇక విమానానికి బిగించాలి. చూసేవాళ్లకి ఇది తేలికపని. చేసేవాళ్లకి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ప్రొపెల్లర్ మధ్యలో ఉండే టోపీకీ, డొప్ప అంచుకీ నడుమ రూపాయి బిళ్ల పట్టేంత సందు చుట్టూ సమానంగా ఉండాలి. ఒక పక్క ఎక్కువై ఒక పక్క తక్కువైతే గ్రౌండు అవతల నుంచి కూడా వంకర తెలిసిపోతుంది. డొప్ప తొడిగాక స్క్రూలు పట్టే చెక్కలు కనబడవు కాబట్టి, ముందే అట్టముక్కలకి కన్నాలు చేసి, ఆ కన్నాలు చెక్కల మీదికి వచ్చేలా విమానం ఒంటికి అంటించుకోవాలి. డొప్ప తొడిగి, అట్టలు దాని మీదికి మడిచి, ఆ కన్నాల్లోంచి పెన్సిలుతో గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టేటప్పుడు డొప్ప వెంట్రుకవాసి కదలకూడదు. అందుకు ఇద్దరు కావాలి. హారతి కూతుర్ని బడి నుంచి తీసుకురావడానికి వెళ్లింది. ఒక్కడే మోకాళ్ల మధ్య విమానాన్ని ఇరికించుకుని తంటాలు పడుతున్నాడు.

"ప్రసాదూ, ఇంట్లున్నవా బిడ్డా?"

గోపాల్ తల్లి ఐలమ్మ. చెప్పులు గడప బయట విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియక నిలబడి ఉంది. భేస్తాన్‌లో ఖాతా అనే మగ్గాల షెడ్డులో దారం కండెలకి చుట్టే మనిషి. చీర కొంగు నిండా ఇంకా దారపు నూగు ఉంది.

రాంప్రసాద్ లేవలేదు. లేద్దామంటే విమానం పడిపోతుంది. ఈమె తిడుతుంది అనుకున్నాడు. మట్టి తీసి మొహాన కొడుతుందేమో, కొట్టనీ అనుకున్నాడు.

"రా చిన్నమ్మా," అన్నాడు. ఆమె వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. చేతిలో డొప్ప జారుతోంది. "జర గిది పట్టుకుంటవా?" అనేశాడు. అన్నాక గానీ తను ఏమన్నాడో తెలియలేదు.

ఐలమ్మ ముందుకు జరిగి రెండు చేతులా పట్టుకుంది. దారం కోసుకుపోయి కాయలు కాసిన బొటనవేళ్లు డొప్ప రెండు పక్కలా ఆనాయి. ఇక కదలలేదు.

"ఏంది బిడ్డా గిది?"

"ఇంజన్ మీద తొడిగేది చిన్నమ్మా. గాలి కొట్టకుంట ఉంటది. సూడనీకి గూడ మంచిగుంటది."

"మంచిగనే చేసినవ్." ఆమె నిజంగానే మెచ్చుకుంది. ఆ తర్వాత గొంతు సవరించుకుంది. "గోపాల్ పంపిండు నన్ను. మీ పెద్దసారు మనిషి దవాఖానకొచ్చిండు. తప్పు నాదే అని చెప్తే, చేతులు మంచిగైనంక మళ్ల పనిల పెట్టుకుంటరట. చెప్పకుంటే గేటు లోపటికి రానియ్యమన్నడు."

రాంప్రసాద్ అట్టముక్కను డొప్ప మీదికి మడిచాడు. "గోపాల్ ఏమన్నడు?"

"ఏమంటడు? చెప్త అన్నడు. ప్రసాదన్నను సూసి మనోళ్లు ఇంతమంది హజీరాకు పోతున్నరు, అన్నకు మాటొస్తే రేపు మనోళ్లను ఎవడు రానిస్తడు అన్నడు. అన్న మీదికి రానియ్య అన్నడు." ఆమె ఆగింది. కళ్లు తుడుచుకోవాలనిపించినట్టుంది, కానీ చేతులు డొప్ప మీదున్నాయి. భుజానికి మొహం రాసుకుంది. "గందుకే వచ్చిన బిడ్డా. రేపు ఎంక్వైరీ సాహెబు ముందుగాల దవాఖానకొచ్చి అడుగుతడట. గోపాల్‌కు మాట సక్కగ రాదు, నీకు తెల్వదా? లేనిది చెప్పాలంటె ఇంకా తడబడతడు. ఏం చెప్పాలెనో నువ్వే జర నేర్పియ్యి. నేను పొయ్యి వానికి నేర్పిస్త."

పెన్సిలు కన్నంలో ఉంది. గుర్తు పెట్టాడు. రెండో అట్టముక్క మడిచాడు.

అతను నేర్పించాడు. సాహెబుకి తెలుగు రాదు కాబట్టి హిందీలో నేర్పించాడు. నన్నెవరూ ఎక్కమనలేదు. నేనే ఖుద్, నా అంతట నేనే ఎక్కాను. పైపు ఖాళీ అయ్యిందో లేదో అడిగి తెలుసుకోవడం నా జిమ్మేదారి, నేను అడగలేదు. జల్దీబాజీలో, తొందరపాటులో పొరపాటు జరిగింది. ఒక్కో వాక్యం చెప్పి ఆగితే ఐలమ్మ తిరిగి చెప్పింది. జిమ్మేదారి, అంటే బాధ్యత, అన్న మాట దగ్గర నాలుక తిరగలేదు. "మెల్లగ అను," అన్నాడు. మెల్లగా అంది. "‘ఖుద్’ అన్నకాడ జర గట్టిగ అనాలె. అప్పుడే నమ్ముతరు." గట్టిగా అంది. ఆఖరి అట్టముక్క దగ్గరికి వచ్చేసరికి మొత్తం తప్పు లేకుండా ఒప్పజెప్పింది. చదువుకోని మనిషి అంత త్వరగా పట్టుకుంటుందనుకోలేదు.

"గిట్ల చెప్తె నీకేం గాదు గద బిడ్డా?"

"ఏం గాదు చిన్నమ్మా."

ఆమె బస్సు అందుకోవాలని వెళ్లిపోయింది. మంచినీళ్లయినా ఇవ్వలేదని ఆమె కాలనీ గేటు దాటాక గుర్తొచ్చింది. డ్రిల్లు పట్టుకుని గుర్తుల దగ్గర కన్నాలు చేశాడు, డొప్ప తొడిగి స్క్రూలు బిగించాడు, ప్రొపెల్లర్ తిప్పి చూశాడు. సందు చుట్టూ ఒక్కలాగే ఉంది. రూపాయి బిళ్ల పెట్టి చుట్టూ తిప్పితే ఎక్కడా బిగుసుకోలేదు, ఎక్కడా వదులు లేదు. ఒక్క గుర్తయినా తప్పలేదు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి అతనికి ఏదో అనిపించింది. అది సంతోషం. సందు సరిగ్గా వచ్చినందుకు. ఆ సంగతి తెలిసి, బిళ్ల అక్కడే వదిలేసి, బాత్‌రూములోకి వెళ్లి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

శనివారం పొద్దున త్రివిక్రమరావు వచ్చి విమానం చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. డొప్ప మీద చెయ్యి వేసి నిమిరాడు. "కొన్నదనుకుంటారయ్యా ఎవరైనా," అన్నాడు. ఆదివారం రిమోటు రాంప్రసాద్ చేతికే ఇస్తానన్నాడు. ఇద్దరూ కలిసి ఆయన కారులోనే విచారణకి వెళ్లారు.

విచారణ కంపెనీ గెస్ట్‌హౌసులో. అధికారి మెత్తటి మనిషి. చాయ్ తెప్పించి, బిస్కెట్ల ప్లేటు రాంప్రసాద్ వైపు జరిపాడు. త్రివిక్రమరావుని అడగవలసినవి అడిగాడు. ఆయన కంట్రోల్ రూము సంగతి చెప్పాడు. అధికారి తల పంకించి ఇటు తిరిగాడు.

"నిన్న ఆసుపత్రిలో ఆ అబ్బాయిని చూశాను," అన్నాడు హిందీలో. "నిజం చెప్పాలంటే ఆశ్చర్యపోయాను. ఇలాంటి కేసుల్లో ఎవడైనా పక్కవాడి మీదికి తోస్తాడు. ఆ అబ్బాయి అలా కాదు. నన్నెవరూ ఎక్కమనలేదు, నేనే ఖుద్ ఎక్కాను అన్నాడు. ఖుద్ అన్నప్పుడు కట్లు కట్టిన చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు పాపం. అడిగి తెలుసుకోవడం నా జిమ్మేదారి అన్నాడు. ఒక్క మాట తడబడలేదు. ఎంత నిజాయితీ! మీరు తెచ్చిన కుర్రాడే కదా? మంచివాణ్ణి తెచ్చారు."

గుండె మీద చెయ్యి పెట్టుకోమని రాంప్రసాద్ నేర్పలేదు. అది గోపాల్ సొంతంగా కలుపుకున్నాడు. నమ్మించడానికి, అన్నని కాపాడటానికి, కాలిన చెయ్యి ఎత్తి పెట్టుకున్నాడు.

రాంప్రసాద్‌కి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, బట్టలూడదీసి బజారులో నిలబెట్టినట్టు. ఇన్నాళ్లూ ఏదీ దిగని లోపలికి అది సూటిగా దిగింది. దాని వెనకే భయం కూడా వచ్చింది. నోరు తెరిస్తే తన నౌకరీ పోతుంది. గోపాల్‌కి ఇస్తామన్న పని కూడా పోతుందేమో. ఐలమ్మ శాపనార్థాలు పెడుతుంది. అవన్నీ వరసగా కనబడ్డాయి.

"అతను చెప్పింది సరైనదేనా?" అడిగాడు అధికారి.

"గా మాటలు వానియి గావు," అన్నాడు రాంప్రసాద్. తెలుగులో అన్నాడు. ఇంటి మాటే నోటికొచ్చింది. "నాయి. వాళ్లమ్మకు నేనే నేర్పిన. కిందనే ఉన్నం మేమిద్దరం."

అధికారికి అర్థం కాలేదు. ఆ గదిలో ఆ మాటలు అర్థమైన మనిషి ఒక్కడే ఉన్నాడు. అధికారి ఆయన వైపే తిరిగి, ఏమంటున్నాడని అడిగాడు.

త్రివిక్రమరావు చాయ్ కప్పు కింద పెట్టాడు. రాంప్రసాద్ వైపు చూడలేదు. "బాధలో ఉన్నాడు సార్. సొంత తమ్ముడిలాంటివాడు కదా," అన్నాడు హిందీలో, ఎంతో దయగా. "గోపాల్ చెప్పింది అక్షరాలా నిజం అంటున్నాడు."

అధికారి జాలిగా తల ఊపి లేవబోయాడు.

"కాదు సాబ్," అన్నాడు రాంప్రసాద్. ఈసారి హిందీలోనే అన్నాడు. "నేను అన్నది అది కాదు. మీరు కూర్చోండి, చెప్తాను."